ఫ్రాన్సు దుర్గమ్మ

బుదైయా, బహ్రెయిన్
16 జూలై 2024

అత్తా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. ఫోన్లో అరిచి చెబుదామంటే సగం నీకు వినపడదు, మిగతా సగం వీధంతా వినపడుతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

మొన్న పద్నాలుగో తారీకున మా మదాం ఇంట్లో వాళ్ళ ఫ్రాన్సు దేశపు పండగ. ఏం పండగో నీకు చెప్పక్కర్లేదు. నువ్వూ ఆ పూట గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, భుజానికి మూడు రంగుల రిబ్బను గుచ్చుకుని, యానాంలో ఫ్రెంచి పౌరుల వరసలో కూర్చునే ఉంటావు. ఇక్కడ ఎండకి ఖర్జూరం చెట్లే సోలిపోతున్నాయి కాబట్టి అంతా హాల్లోనే. నలభై మంది వచ్చారు. నేనూ మన తెలుగు డ్రైవర్ షఫీఖూ పొద్దున్నుంచీ పరుగులే పరుగులు.

అత్తా, ఫ్రెంచివాళ్ళంటే అందరూ మా మదాంలా మీగడ రంగులో ఉంటారనుకున్నాను ఇన్నాళ్ళూ. టీవీలో వాళ్ళ వంటల కార్యక్రమాలూ, సెంటు ప్రకటనలూ చూసి అలా అనుకున్నాను. ఆ నలభై మందిలో ఎన్ని రంగులు ఉన్నాయనుకున్నావు! ఒకాయన మన రేవులో పడవ నడిపే రాజా కంటే నలుపు. ఒకావిడ డాక్టరట, ఎక్కడో దీవిలో పుట్టింది, అచ్చం మన ఎదురింటి లక్ష్మిప్రసన్నే, బొట్టొక్కటే తక్కువ. వాళ్ళ ముత్తాతల్ని మన దేశం నుంచే ఓడలో తీసుకెళ్ళారట. అందరూ గడగడా ఫ్రెంచే మాట్లాడుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు బుగ్గలు ఆనించి పలకరించుకుంటున్నారు. నేను పళ్ళెం పట్టుకుని నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయాను.

కేకు కోసే ముందు అందరూ లేచి పాట ఎత్తుకున్నారు. వాళ్ళ దేశపు పాట. నువ్వు నాకు తలంటి, జడ వేస్తూ పాడేదానివే, అదే. చిన్నప్పుడు అదేదో దండకం అనుకుని తలుపులమ్మ తల్లి పటం ముందు చదివితే మొట్టికాయ వేశావు చూడు, అదే. మొదటి చరణం హాలు దద్దరిల్లేలా పాడారు. తర్వాత ఒక్కొక్కళ్ళే నీళ్ళు నమిలి ఆగిపోయారు. రెండో చరణం ఎవ్వరికీ రాదు! నా నోరు మాత్రం ఆగలేదత్తా. వంటింటి గుమ్మంలో, చేతిలో పళ్ళెంతో, రెండో చరణం మొత్తం పాడేశాను.

హాలంతా నా వైపు తిరిగింది. ఉద్యోగం ఊడిందనుకున్నాను. అప్పుడు మదాం వాళ్ళమ్మ, ఎనభై దాటిన ముసలావిడ, మేం పెద్ద మదాం అంటాం, చేతికర్ర కింద పడేసి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత అందరూ కొట్టారు. షఫీఖ్ అయితే, “గిదేందక్కా! ఫ్రెంచోల్లకే పాట నేర్పినవ్ గదా!” అని తల పట్టుకున్నాడు.

మదాం టీవీకి సినిమాలు తీస్తుందని రాశాను కదా. ఇప్పుడు తీస్తున్నది దూరదేశాల్లో బతుకుతున్న ఫ్రెంచివాళ్ళ గురించి. పాట ఎలా వచ్చని అడిగింది. “మా అత్త ఫ్రెంచి మనిషి” అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వేసింది. ఫోన్లో పటం తెరిచి, గోదారి పక్కన చుక్కంత యానాం చూపించాను. రెండువందల ఏళ్ళకి పైగా అది వాళ్ళదేనని ఆవిడకే తెలీదు! ఇప్పుడు నీ కథ సినిమాలో పెడతానంటోంది. నీ ఫ్రెంచి కార్డు ఫోటో తీయించి పంపు. నాకింకా నమ్మకం కలగడం లేదు, నేనేనా పాడింది అని.

నీ వీరవేణి

*

యానాం
11 ఆగస్టు 2024

వేణీ,

నువ్వు చెప్పినట్టు కూర్చునే చదివాను. పాట దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి చదివాను. ఆ పాట సంగతి కూర్చుని చదవడం నా వల్ల కాదు.

పళ్ళెం కింద పెట్టి పాడొద్దుటే, మొద్దూ! చేతులు పక్కలకి దించాలి, గడ్డం ఎత్తాలి. మీ తాత యానాం దొర కచేరీలో సిపాయిగా చేసినవాడు. ఎర్రటోపీ పెట్టుకుని వీధిలోకి వస్తే కుక్కలు కూడా అరిచేవి కావని మా అమ్మ చెప్పేది. నాకు ఐదేళ్ళప్పుడు గోదారి గట్టున నిలబెట్టి ఆ పాట నేర్పాడు. గడ్డం దించితే చింతబరికెతో పిక్క మీద ఒకటి తగిలేది. రెండో చరణం రానివాళ్ళని ఆయన మనుషుల్లో జమ కట్టేవాడు కాదు. నిజంగానే వాళ్ళకి రాదా? నలభై మందిలో ఒక్కళ్ళకీ? నా మీద ఒట్టు వెయ్యి.

వీధి చివరిదాకా చెప్పొచ్చాను. లక్ష్మిప్రసన్న అయితే, “ఫ్రాన్సు దుర్గమ్మ గారి పెంపకవంటే మాటలా అండీ” అంది. ఆ డాక్టరమ్మ గురించి కూడా చెప్పాను. ఆవిడ ముత్తాత ఏ ఊరివాడో కనుక్కో. మనవాడై ఉంటాడు, ఎవరు చూడొచ్చారు.

కార్డు పెట్టెలో ఉంది. తాళంచెవి ఎక్కడ పెట్టానో కనబడడం లేదు. వెతుకుతాను, తొందరేం లేదని చెప్పు ఆవిడకి. ఏట్లో ఎర్రనీళ్ళు వచ్చాయి, పులస పడుతోంది. నువ్వు లేకుండా ముద్ద దిగలేదంటే నమ్మవు గాని, రెండు ముక్కలు తిన్నాను.

అత్త

*

బుదైయా
20 అక్టోబరు 2024

అత్తా,

ఒక సంగతి నీ దగ్గర దాచాను. తిట్టకుండా విను. ఆ రోజు నేను పాడింది ఎవరో ఫోన్లో తీశారు. మదాం చేసే ఛానల్ వాళ్ళు దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. లక్షల మంది చూశారట. కింద ఏం రాశారో షఫీఖ్ తన ఫోన్లో తెలుగులోకి మార్పించి చదివాడు: ‘బహ్రెయిన్‌లో ఈ భారతీయ పనిమనిషికి ఫ్రాన్సు మీద ఎంత ప్రేమో చూడండి.’ మొదటిసారి విన్నప్పుడు సంతోషమేసింది. రెండోసారి చదివించుకున్నాక ఇక చాలని ఫోను కట్టేయించాను. ఎందుకో చెప్పలేను.

వంటింట్లో చిన్న టీవీ ఉంది, పెద్ద మదాం కోసం రోజంతా ఫ్రెంచి వార్తలు మోగుతుంటాయి. మాటలు నాకు సగమే అర్థమవుతాయి గాని బొమ్మలు పూర్తిగా అర్థమవుతాయి. నల్లకుర్రాడు గోలు కొడితే వాడి మొహం పక్కన మూడు రంగుల జెండా వేస్తారు. అదే రంగు కుర్రాళ్ళు వీధిలో గొడవ చేస్తే వాళ్ళ తాతలు ఏ దేశం నుంచి వచ్చారో పటం గీసి చూపిస్తారు. ఇదేంటని పెద్ద మదాంని అడిగాను. ఆవిడ టీవీ కట్టేసి, ఇంకో కాఫీ పెట్టమంది.

పోయినవారం జల్లాఖ్ బీచిలో షూటింగు జరిగింది. గొడుగులూ నీళ్ళూ మోయడానికి నేనూ వెళ్ళాను. ఛానల్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్లచొక్కాలు, పొడుగు రొట్టెలు, సముద్రం, నవ్వులు, అన్నీ ఆయన చెప్పినట్టే అమర్చారు. డాక్టరమ్మని మాత్రం వరస చివరికి పంపేశాడు. ముందుంటే చూసేవాళ్ళకి అయోమయంగా ఉంటుందట! మదాం కెమెరా కింద పెట్టి ఇసకలోనే ఆయనతో దెబ్బలాటకి దిగింది. డాక్టరమ్మని చెయ్యి పట్టి నడిమధ్యకి తీసుకొచ్చింది. ఇలాంటి ఆడమనిషిని నేను ఎక్కడా చూళ్ళేదత్తా.

నీ సంగతి విని ఆ పెద్దమనిషి, కాగితం ఉంటేనే తీసుకుంటాం, ఊరికే ఎవరైనా ఫ్రెంచి అనొచ్చు కదా అన్నాడు. నవంబరు ఆఖరు దాకా గడువిచ్చాడు. నేను మాటిచ్చేశాను. తాళంచెవి దొరక్కపోతే పెట్టె పగలగొట్టించు.

వీరవేణి

*

యానాం
14 నవంబరు 2024

వేణీ,

ప్రేమా? మనకి ఫ్రాన్సు మీద ప్రేమేవిటే? నా కుడిచెయ్యి మీద నాకు ప్రేమ అని ఎవరైనా అంటారా? ఆ ముక్క రాసినవాడి చెయ్యి పడిపోనూ.

కార్డు తొంభయ్యారు తుఫానులో పోయింది. పెట్టెతో సహా కొట్టుకుపోయింది. అదే చెప్పు వాళ్ళకి. మళ్ళీ నన్ను అడగొద్దు.

ఇక్కడ ముసురు పట్టింది.

అత్త

*

బుదైయా
8 డిసెంబరు 2024

అత్తా,

ఆగస్టులో తాళంచెవి కనబడలేదన్నావు. నవంబరులో పెట్టే లేదంటున్నావు. తొంభయ్యారులో నాకు పదేళ్ళు. నీళ్ళు నడుముదాకా వస్తే నువ్వు నన్నూ, పెట్టెనీ అటక ఎక్కించావు. తెల్లారేదాకా నేను ఆ పెట్టె మీదే పడుకున్నాను.

ఇంకోటి. ఫ్రాన్సులో ఎన్నికలొస్తే మన ఊళ్ళో కార్డున్నవాళ్ళు ఓటెయ్యడానికి వెళ్ళేవాళ్ళు. నువ్వు మాత్రం ఆ పూట ఒంట్లో బాగాలేదని ముసుగు తన్నేదానివి, ప్రతిసారీ. చిన్నప్పుడు నాకు తట్టలేదు. నిన్న ఇక్కడి రైతుల సంతలో టమాటాలు ఏరుతుంటే తట్టింది. సంచీ అక్కడే వదిలేసి కారులోకొచ్చి కూర్చున్నాను. షఫీఖ్ కంగారుపడి, “ఏమైందక్కా, ఇంటికాడ అంత మంచిదేనా?” అని అడిగాడు.

నిన్ను నిలదీయడం లేదు. గడువు దాటిపోయింది, దాటితే దాటింది. మదాం ముందు నేను అబద్ధాలకోరునయితే అవుతాను. తల్లి పోయిన పిల్లని తెచ్చి పెంచావు, నీకంటే నాకు వాళ్ళ సినిమా ఎక్కువా? కానీ నా దగ్గర కూడా ఎందుకు దాచావో అదొక్కటీ రాయి. చింపెయ్యమంటే చదివి చింపేస్తాను.

వేణి

*

యానాం
5 జనవరి 2025

వేణీ,

కార్డు లేదు. ఎప్పుడూ లేదు.

ఈ రెండు మాటలు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మిగతాది తేలిగ్గానే వస్తుంది.

అరవై రెండులో నాకు తొమ్మిదేళ్ళు. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయి అప్పటికే ఎనిమిదేళ్ళయింది గాని, కాగితాల మీద ఆ ఏడే ఖాయం అయింది. యానాంలో పుట్టినవాళ్ళు ఫ్రెంచివాళ్ళుగానే ఉండిపోవాలంటే ఆరునెలల్లో రాసివ్వాలి, ఇవ్వకపోతే ఇండియా వాళ్ళయిపోతారని చెప్పారు. మన లోవరాజు గారి నాన్న వెళ్ళి సంతకం పెట్టొచ్చాడు. మా నాన్నని తీసుకెళ్ళడానికి మా ఇంటికి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి నేను గుమ్మంలోనే ఉన్నాను.

“పద సిపాయి, ఎల్లుండితో గడువైపోద్ది” అన్నాడాయన.

మా నాన్న ఎర్రటోపీకి బ్రష్షు కొడుతున్నాడు. తలెత్తలేదు. “నేనేవన్నా కొత్తగా అవుతున్నానేట్రా సంతకం ఎట్టడానికి? మా అమ్మకి నేను కొడుకునని ఏ కచేరీలోనన్నా రాసిచ్చానా? ఇప్పుడు సంతకం ఎడితే ఇన్నాళ్ళూ కానట్టేగా! కావాలంటే ఆళ్ళే వచ్చి అడుగుతారు” అన్నాడు.

ఎవరూ రాలేదు. గడువు దాటిన రోజున కూడా ఆయనకి బెంగ లేదు. ఫ్రాన్సు తనని మర్చిపోతుందని ఆయన ఊహకే అందలేదు. తను ఇక ఫ్రెంచివాడు కాదని తెలిశాక ఆ టోపీ మళ్ళీ పెట్టుకోలేదు. పాట మాత్రం మానలేదు. డెబ్భైమూడులో పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి, “జూలై పద్నాలుక్కి మనింటి నుంచి ఒకళ్ళుండాలమ్మా” అన్నాడు.

మరుసటేడు నేను వెళ్ళాను. తెల్లచీర కట్టుకుని, రిబ్బను పెట్టుకుని, ఫ్రెంచివాళ్ళ వరసలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ మరుసటేడూ వెళ్ళాను. అలా యాభై ఏళ్ళు గడిచాయి. ఊరు నన్ను ఫ్రాన్సు దుర్గమ్మ అంది. అవునని నేను నోటితో అనలేదు, కాదనీ అనలేదు. ఆ పూట నేను పచ్చి మంచినీళ్ళు ముట్టకపోతే భక్తి అనుకునేవారు. భక్తీ కాదు, పాడూ కాదు, భయం. ఎవడో ఒకడు వచ్చి కార్డు చూపించమని, అందరి ముందూ నన్ను వరసలోంచి లేపేస్తాడని భయం.

నీకెందుకు చెప్పలేదంటావా? ఆ పాట మనది కాదేమోనన్న అనుమానం లేకుండా పాడింది మా నాన్న తర్వాత నువ్వొక్కదానివే. నిన్ను పాడుచేయడం ఇష్టం లేకపోయింది.

ఈ ఉత్తరం చింపొద్దు. మీ మదాంకి చదివి వినిపించు. సినిమాలో పెడతానంటే పెట్టుకోమను. ఊళ్ళో వాళ్ళు చూస్తారు, చూస్తే నా జూలై ముచ్చట తీరిపోయినట్టే. తెలుసు. డెబ్భై దాటాయి, భయపడీ భయపడీ విసుగొచ్చింది. ఒకటే షరతు: మా నాన్న మాటలు ఆయన అన్నవి అన్నట్టే పెట్టాలి. ఒక్క ముక్క తగ్గించినా ఒప్పుకోను.

అత్త

*

బుదైయా
22 జూన్ 2025

అత్తా,

అయిదు నెలలు రాయకుండా ఉన్నందుకు నన్ను ఏమన్నా పడతాను. అంతా తేలాకే రాయాలనుకున్నాను. ఈ గురువారం సినిమా వచ్చింది. నువ్వున్నావు అందులో.

మొదటినుంచీ చెబుతాను. నీ ఉత్తరం వంటింటి బల్ల దగ్గర మదాంకీ పెద్ద మదాంకీ చదివాను. తెలుగులో ఒక వాక్యం చదవడం, నాకొచ్చిన ఇంగ్లీషూ, సగం ఫ్రెంచీ కలిపి చెప్పడం. తాత మాట దగ్గరికి వచ్చేసరికి పెద్ద మదాం నా చెయ్యి పట్టుకుని మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుంది. తర్వాత తన సంగతి చెప్పింది. ఆవిడ పుట్టింది అల్జీరియాలోనట, అది ఫ్రాన్సు చేతిలో ఉన్నరోజుల్లో. అరవయ్యో ఏట కార్డు మార్పించుకోడానికి వెళ్తే కిటికీ వెనక కూర్చున్న పిల్ల, మీరు ఫ్రెంచివారని రుజువు తెండి అందట. వాళ్ళ నాన్న యుద్ధంలో తెచ్చుకున్న పతకాలు కూడా పట్టుకెళ్ళిందట. ఇంకో కాగితం కావాలి అన్నారట. అత్తా, మీగడలాంటి మనిషి, ఆ భాష తప్ప ఇంకో భాష రాని మనిషి, ఆవిడనీ అడిగారు! “మీ తాత నాకంటే నయం, వాళ్ళ కిటికీ దగ్గరికి వెళ్ళలేదు” అని కళ్ళు తుడుచుకుంది.

ఆ ఛానల్ పెద్దమనిషి ఫోన్లో, కాగితం లేకపోతే ఆవిడ మన విషయంలోకి రాదన్నాడు. మదాం, “మన విషయమే అది” అని ఫోను పెట్టేసింది. తర్వాత నెలల తరబడి ఉత్తరాలు, గొడవలు. చివరికి గెలిచింది.

సినిమాలో అందరికీ వెనక ఏదో సంగీతం వస్తుంది. మన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. నేను బల్ల దగ్గర కూర్చుని నీ ఉత్తరం తెలుగులోనే చదువుతాను. కింద ఫ్రెంచి అక్షరాలు నడుస్తాయి. నా పేరు కింద ‘పనిమనిషి’ అని వేస్తామన్నారు. పని చేస్తే సిగ్గేం లేదు గాని, మిగతావాళ్ళకి ఊళ్ళూ పేర్లూ వేసి నాకొక్కదానికే అదెందుకని అడిగాను. ‘వీరవేణి, యానాం సిపాయి మనవరాలు’ అని వేయించాను.

హాల్లో దీపాలు ఆర్పి చూశాం, డాక్టరమ్మ కూడా వచ్చింది. ‘ఆళ్ళే వచ్చి అడుగుతారు’ అన్న మాట నా గొంతులో వినబడి, కింద వాళ్ళ భాషలో కనబడగానే నా ఒళ్ళంతా జల్లుమంది. ఎర్రటోపీ తాత గుమ్మంలో అన్న మాట ఫ్రాన్సు దేశమంతా ఒక్క సాయంత్రం చదివింది! ఇంతదానికి మనం తగుదుమా అనిపించింది. తిట్టినవాళ్ళూ ఉన్నారట, షఫీఖ్ అవి నాకు చదివి పెట్టలేదు.

నాకిప్పుడు నీ గురించే దిగులు. జూలై వచ్చేస్తోంది. ఆ ముక్క ఈపాటికి మన ఊళ్ళో ఫోన్లన్నిట్లోకీ వచ్చేసి ఉంటుంది. ఎవరైనా ఒక్క మాటంటే నేనిక్కడ తట్టుకోలేను. ఈ ఏడు వెళ్ళకత్తా. తలుపేసుకుని ఇంట్లోనే ఉండు.

వేణి

*

యానాం
15 జూలై 2025

వేణీ,

వెళ్ళాను.

తెల్లచీర కట్టలేదు, రిబ్బను పెట్టలేదు. రోజూ కట్టే నీలంచీరతో వెళ్ళి, రోడ్డుకి ఇవతల, చూడ్డానికి వచ్చిన జనంలో నిలబడ్డాను. సినిమా అందరూ చూసేశారు. ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. లక్ష్మిప్రసన్న వచ్చి నా పక్కన నిలబడింది.

అవతల కుర్చీలు వేసి ఉన్నాయి. జెండా ఎక్కించే వేళకి లోవరాజు గారు అటూ ఇటూ చూశారు. పెద్దాయనే ఇప్పుడు ఫ్రెంచి పౌరుల సంఘానికి అధ్యక్షుడు. ఎనభై అయిదేళ్ళ మనిషి, రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చారు. ఆయన నోరు విప్పేలోపు నేనే అనేశాను.

“లోవరాజు గారూ, యాభై ఏళ్ళు మిమ్మల్ని మోసం చేశానండి. నాకు కార్డు లేదండి.”

నా చెవికి వినపడాలని ఆయన కేకేసి చెప్పారు. రోడ్డు రోడ్డంతా విన్నది.

“తెల్సమ్మా! మా నాన్న మూడుసార్లు మీ ఇంటికొచ్చి ఉత్తిచేతుల్తో తిరిగెల్లినోడు, మాకు తెల్దేటి? మీ నాన్న పోయిన మరుసటేడు మా నాన్నే ఓ కుర్చీ ఎక్కువెయ్యమన్నాడు, సిపాయింట్లోంచి ఎవరన్నా వత్తారేమోనని. నువ్వొచ్చి కూకున్నావ్. ఏటా జాబితా చూసే కుర్చీలేయిత్తాను. పోయినేడు పేర్లు పంతొమ్మిది, కుర్చీలు ఇరవై. ఇద్దరు పోయారు. ఈ ఏడు పేర్లు పదిహేడు, కుర్చీలు పద్దెనిమిది. రా, పాటకి టైమవుతోంది.”

వెళ్ళి కూర్చున్నాను వేణీ. యాభై ఏళ్ళూ నేను కుర్చీ అంచు మీదే కూర్చున్నానని నాకు నిన్న తెలిసింది. వీపు వెనక్కి ఆనించాను.

మీ అత్త,
వీరదుర్గ